మూగజీవాలు – మీ సందేహాలు: పెరటి పిల్లులకు ఆపరేషన్

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. కిందటి వేసవిలో మా ధాన్యం గది అటక మీద ఒక పిల్లి ఈనింది. తల్లిని రోడ్డు మీద వ్యాను గుద్దేయడంతో మిగిలిన రెండు పిల్లలనూ మేమే సాకాము. ఎర్రచారలది మగది, మూడు రంగులది ఆడది. ఇప్పుడు వాటికి 5 నెలలు. రాత్రిపూట పెరట్లో గడ్డి పరిచిన ఒకే గంపలో, ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని పడుకుంటాయి. ఒకటి కనిపించకపోతే రెండోది ముద్ద ముట్టదు. అన్నం వేళ తప్ప ఇంట్లోకి రావు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామంటే, ఆడపిల్లి ఒక్క ఈతైనా ఈనాలని, లేకపోతే పాపమని మా అత్తగారు అంటున్నారు. మగదానికి చేయిస్తే చాలునని పక్కింటివారు చెబుతున్నారు. ఆపరేషన్ అయ్యాక ఎలుకలను పట్టడం మానేస్తాయా? అన్నిటికంటే, అవి ఒకదానినొకటి మరిచిపోతాయేమోనని నా భయం.
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మీ చివరి భయంతోనే మొదలుపెడతాను. తోబుట్టువుల పిల్లులను విడదీసేది ఆపరేషన్ కాదమ్మా, ఈడు. మగపిల్లి ఎదిగేకొద్దీ, ఎదకు వచ్చిన ఆడపిల్లుల వాసన పట్టుకుని ఊరు దాటి తిరుగుతుంది, పరాయి గండుపిల్లులతో కొట్లాడి చెవులు చింపుకుని వస్తుంది, ఒకనాడు అసలు రాకుండానే పోతుంది. ఈడు రాకముందే ఆపరేషన్ చేయించిన అన్నాచెల్లెళ్లు మాత్రం చిన్ననాటి చెలిమిని చాలావరకు నిలుపుకుంటాయి. మీరు చూస్తున్న ఆ గంపలోని దృశ్యం వచ్చే ఏడాదీ కనిపించాలంటే ఇప్పుడే పూనుకోవాలి.

ఇప్పుడే అనడానికి మరో కారణమూ ఉంది. పిల్లులకు వావివరసలు లేవు. ఆడపిల్లి 4 నెలల వయసులోనే ఎదకు రావచ్చు, ఆ వేళకు పక్కన ఉన్నది అన్నే అయినా దానికి పట్టదు. చూలు 63 నుంచి 65 రోజులే కనుక, ఇంకా పిల్లే అనుకుంటున్న మీ మూడు రంగులది సంక్రాంతి నాటికి తల్లి అయినా ఆశ్చర్యం లేదు. పసిబిడ్డ ఏడుపులాంటి అరుపు, నేల మీద దొర్లడం, వీపు నిమిరితే వెనుక భాగాన్ని పైకెత్తడం కనిపిస్తే అది జబ్బు కాదు, ఎదకు వచ్చిందని గుర్తు. ఆ లక్షణాలు కనిపించిన రోజు నుంచి ఆపరేషన్ రోజు వరకూ రెండింటినీ వేర్వేరు గదులలో ఉంచండి.

మగదానికి మాత్రమే చేయిస్తే అన్న ఒక్కడే పక్కకు తప్పుకుంటాడు, ఊళ్లోని గండుపిల్లులన్నీ మిగిలే ఉంటాయి. ఆడదానికి మాత్రమే చేయిస్తే మగది తిరుగుళ్లు మానదు. రెండింటికీ చేయించవలసిందే. ఇక మీ అత్తగారి మాట. ఒక్క ఈత ఈనితే ఆడపిల్లికి ఆరోగ్యమన్న నమ్మకానికి వైద్యపరమైన ఆధారం లేదు సరికదా, మొదటి ఎదకు ముందే గర్భసంచి, అండాశయాలు తీసివేసిన పిల్లులకు పెద్దయ్యాక రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా తగ్గుతుంది. పెద్దావిడతో వాదన పెట్టుకోవడం కన్నా, ఏటా రెండు మూడు ఈతల పిల్లలను ఎవరింట పెంచాలో ఆవిడనే అడిగి చూడండి. ఎలుకల వేట సంగతికి వస్తే, అది పిల్లి పుట్టుకతో తెచ్చుకున్న గుణం, ఆపరేషన్‌తో పోదు. అయితే ఆపరేషన్ తరువాత తిండి యావ పెరుగుతుంది, ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది. కొసరి కొసరి పెడితే బద్ధకించే మాట మాత్రం నిజం.

రెండింటికీ ఒకేరోజు చేయించమని గట్టిగా చెబుతాను. పిల్లి తన తోటి పిల్లిని కంటితో కన్నా ముక్కుతోనే ఎక్కువగా గుర్తుపడుతుంది. కలిసి పడుకునే పిల్లులు ఒకదాని చెంపలు మరొకదానికి రాసుకుని ఇంటివాళ్లందరికీ ఒకే వాసన ఉండేలా చేసుకుంటాయి. ఆసుపత్రికి వెళ్లివచ్చిన పిల్లి ఒంటి మీద స్పిరిట్టు వాసన, మత్తుమందు వాసన, పరాయి జంతువుల వాసన ఉంటాయి. నా దగ్గర ఆపరేషన్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికి చేరిన ఒక ఆడపిల్లిని దాని సొంత అన్నే తోక గుబురుగా ఉబ్బించి, గుర్రుమంటూ కొబ్బరిచెట్టు ఎక్కే దాకా తరిమింది. కొత్త కుట్లతో ఉన్న పిల్లిని దింపడానికి ఆ ఇంటివాళ్లు నిచ్చెనలు వేయవలసి వచ్చింది. రెండూ ఒకే వాసనతో తిరిగివస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. అయినా మొదటి రాత్రి మత్తు పూర్తిగా దిగే వరకు వేర్వేరుగా ఉంచి, అవి రోజూ పడుకునే గంపలోని పాత గుడ్డను ఉతకకుండా తెచ్చి, దానితోనే రెండింటి చెంపలూ వీపూ మార్చి మార్చి తుడవండి. మర్నాడు తలుపుకు అటొకటి ఇటొకటి గిన్నె పెట్టి తినిపించి, ఆ తరువాత కలపండి. ఒకటి రెండు రోజులు బుసకొట్టినా కసరవద్దు.

మీకు అందుబాటులో గరివిడి పశువైద్య కళాశాల ఉంది. రాజాం నుంచి చీపురుపల్లి మీదుగా వెళ్లవచ్చు. పిల్లులకు ఏ రోజుల్లో ఆపరేషన్లు చేస్తారో ముందుగా కనుక్కుని బయలుదేరండి. దీపావళి వారం మాత్రం వద్దు. బాణసంచా చప్పుడుకు బెదిరిన పిల్లి కుట్లను లెక్కచేయదు. ముందురోజు సాయంత్రం గదిలో అన్నం పెట్టి తలుపు వేసేయండి, తెల్లవారి పెరట్లో వెంటపడి పట్టడం అయ్యే పని కాదు. ఎంత ప్రేమగా ఉన్నా రెండింటినీ ఒకే బుట్టలో తీసుకువెళ్లవద్దు, భయంలో ఒకదానినొకటి రక్కుకుంటాయి. గోనెసంచి అసలే వద్దు, ఊపిరాడదు. కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు రెండు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో బిగించి కడితే ఒక్కో పిల్లికి చక్కని పెట్టె అవుతుంది. చిన్న వయసు పిల్లులకు ఎక్కువసేపు పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోతుంది కనుక, డాక్టరుగారు చెప్పిన గంటలకు మించి కడుపు మాడ్చవద్దు.

బయట తిరిగే పిల్లులని డాక్టరుగారికి తప్పక చెప్పండి. అలా చెబితే లోపలే కరిగిపోయే కుట్లు వేస్తారు, మళ్లీ పట్టి తేవలసిన పని ఉండదు. పొట్ట కింద కాకుండా డొక్క పక్కన కోత పెట్టే పద్ధతి కూడా ఉంది. గీసిన బొచ్చు మధ్య గాయం ఎలా ఉందో పిల్లిని పట్టుకోకుండా దూరం నుంచే చూడవచ్చు. ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా, మత్తులో ఉండగానే ఎడమ చెవి కొసను కొద్దిగా కత్తిరించమని అడిగితే, మరెవరైనా దానిని పట్టుకుపోయి మళ్లీ కోయించే ప్రమాదం ఉండదు. రేబిస్ టీకా వేయకపోతే ఆ సంగతీ అప్పుడే మాట్లాడుకోండి.

మగదానికి చిన్న గాట్లే, చాలాసార్లు కుట్లు కూడా వేయరు. ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది. ఆడదానిని కనీసం వారం రోజులు గదిలోనే ఉంచాలి. మలమూత్రాలకు పళ్లెంలో ఇసుక కాకుండా చింపిన పాత పేపర్లు వేయండి, ఇసుక గాయానికి అంటుకుంటుంది. గాయానికి పసుపు, కొబ్బరినూనె రాయవద్దు, అది నాకేస్తుంది. గదిని ఫినాయిలుతో తుడవవద్దు, డెట్టాలు కూడా పిల్లులకు విషమే. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ ముక్క పెట్టారంటే పిల్లి దక్కదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి. మర్నాటికీ ముద్ద ముట్టకపోయినా, గాయం విచ్చుకున్నా, రక్తం కారుతున్నా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: మా ఇంట్లో అక్కాచెల్లెళ్ల పిల్లులు రెండు ఉన్నాయి. ఒకటి 3 వారాల కిందట నాలుగు పిల్లలను పెట్టింది. రెండోది ఈనకపోయినా ఆ పిల్లలను నాకుతూ, కాపలా కాస్తూ ఉంటుంది. రెండింటికీ ఇప్పుడే ఆపరేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: అక్కాచెల్లెళ్లు కలిసి పిల్లలను సాకడం పిల్లులలో మామూలే. మీ విషయంలో మాత్రం ఒకేరోజు అన్న నియమాన్ని పక్కన పెట్టండి. ఈనని దానికి, అది చూలుతో లేదని డాక్టరు చూసి చెబితే, ఈ వారమే చేయించండి. అది తిరిగివచ్చాక పైన చెప్పిన గుడ్డ ఉపాయం పాటించండి. ఆసుపత్రి వాసనకు తల్లి బెదిరితే పిల్లలను నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పుతుంది. తల్లికి మాత్రం, పిల్లలు 6 వారాలు నిండి సొంతంగా మెత్తని అన్నం, చేప తినసాగిన తరువాత చేయించండి. అప్పటి వరకు దానిని బయటి గండుపిల్లులకు దూరంగా ఉంచాలి, ఎందుకంటే పాలిస్తున్న పిల్లి చూలు కట్టదన్నది నిజం కాదు. ఆ నాలుగు పిల్లలు పుట్టిన తేదీని క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. 4 నెలలు నిండేసరికి వాటి వంతు వస్తుంది.