లేబర్ అడ్డా ఫొటోలో ఏం చూడాలి?

మెట్రో పిల్లర్ కింద, రోజుకూలీలు పని కోసం ఎదురుచూసే లేబర్ అడ్డాలో తీసిన మీ ఫొటో చూసి అందరూ "అయ్యో పాపం" అంటున్నారని, మీరు చెప్పాలనుకున్నది అది కాదని రాశారు. ఆ అయ్యో పాపం మీరు చేసిన క్రాప్ వల్ల వచ్చిందండీ. ఒరిజినల్‌లో ఎడమవైపు తాపీ, రసమట్టం, రంగు మరకలు పడ్డ బ్రష్షు పట్టుకున్న చేతులున్నాయి. అడ్డాలో పనిముట్టే విజిటింగ్ కార్డు. ఎవరు మేస్త్రీ, ఎవరు పెయింటర్ అన్నది దాన్ని చూసే పోల్చుకుంటారు. మీరు వాటిని కోసేసి ముఖాలే ఉంచారు. దాంతో పనివాళ్లు కాస్తా బాధితులైపోయారు.

ఎవరు ఎటు చూస్తున్నారో కూడా గమనించండి. అందరి చూపూ వచ్చి ఆగిన బైకు మీదే ఉంది, కూలి బేరం అక్కడే జరుగుతోంది. ఫొటోకి ప్రాణం అదే. ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్ దయాళ్ తీసిన గ్రూప్ ఫొటోలు చూడండి. ఎవరు కూర్చున్నారు, ఎవరు వెనక నిలబడ్డారు అన్నదానితోనే హోదా తెలిసిపోతుంది. మీ ఫొటోలోనూ బైకు మీదున్నాయన ఒక్కడే కూర్చున్నాడు, మిగతా వాళ్లంతా నిలబడ్డారు.

క్రాప్ తీసేయండి. కింద "పేదరికం" అని కాకుండా చోటు, టైము రాయండి: అమీర్‌పేట, ఉదయం 8 గంటలు. పది దాటాక ఇంకా పని దొరక్క మిగిలినవాళ్లని కూడా ఒక ఫొటో తీయండి, వాళ్లని అడిగి.