ఉన్న ల్యాప్‌టాప్‌తోనే సర్వైవల్ గేమ్స్: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి సహస్రకు,

అత్త రాసేది. సర్వైవల్ గేమ్స్, అదే తిండి, గూడు వెతుక్కుంటూ ప్రాణం కాపాడుకునే ఆటలు, మొదలుపెడుతున్నానని, ఏ గ్రాఫిక్స్ కార్డ్ కొనాలో చెప్పమని అడిగావు. కార్డ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఏ ఆట ఆడతావో తేల్చుకో. ఆట కోసం కంప్యూటర్ కొనడం డబ్బు ఎక్కువైనవాళ్లు చేసే పని. ఉన్న కంప్యూటర్‌కి తగిన ఆట వెతుక్కుంటే చాలు. ఈ రకం ఆటల్లో మంచివి చాలావరకు పాత మెషీన్లలోనూ నడుస్తాయి.

2011లో వచ్చిన టెరేరియా, 2013 నాటి డోంట్ స్టార్వ్ ఆడటానికి విడిగా గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు. సెట్టింగ్స్ కాస్త తగ్గిస్తే మైన్‌క్రాఫ్ట్ కూడా అంతే. వాల్‌హైమ్ దగ్గర మాత్రం జాగ్రత్త. 2021లో అది వచ్చినప్పుడు డౌన్‌లోడ్ సుమారు ఒక్క జీబీయే. ఫైలు చిన్నదే కదా, ఎందులోనైనా నడుస్తుందిలే అని కొనుక్కున్నవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఆ అడవి, పొగమంచు, నీళ్ల మీద వెలుతురు, అన్నీ క్షణక్షణం గీయాల్సింది గ్రాఫిక్స్ చిప్పే. ఫైలు సైజు చూసి ఆట బరువు అంచనా వేయకు. ఇక ఆర్క్ అయితే రెండు విధాలా బరువే, అదనపు మ్యాపులు కూడా వేస్తే డిస్క్‌లో వంద జీబీ దాటిపోతుంది. నీకు అది వద్దు.

ఇప్పుడు నీ ల్యాప్‌టాప్. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కు. ఎన్ని స్లాట్లు, అంటే మెమరీ స్టిక్‌లు దూర్చే అరలు, వాడుకలో ఉన్నాయో అక్కడే కనిపిస్తుంది. రెండింటిలో ఒకటే అని ఉంటే సంతోషించు. విడి కార్డ్ లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ కూడా ఆ మెమరీనే, అంటే ర్యామ్‌నే, వాడుకుంటుంది. ఒకే స్టిక్ ఉంటే డేటా ఒక్క దారిలోనే నడవాలి. అలాంటిదే రెండో స్టిక్ వేస్తే దారులు రెండవుతాయి, ఆటలో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. ర్యామ్ బోర్డుకే అతికించి వచ్చే మోడల్స్ కూడా ఉన్నాయి కాబట్టి, కొనేముందు ఆ స్క్రీన్ ఫొటో నాకు పంపు.

హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి ఎస్ఎస్‌డీ, అంటే అంతకన్నా వేగమైన డిస్క్, వేయించు. దానివల్ల ఫ్రేమ్‌రేట్, అంటే సెకనుకి తెరమీద పడే బొమ్మల సంఖ్య, పెద్దగా పెరగదు. కానీ లోడింగ్ తగ్గుతుంది, పరిగెడుతుండగా కొత్త ప్రాంతం తెరుచుకునే చోట ఆట ఆగి ఆగి కదలడం తగ్గుతుంది. ఆడేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచు. బ్యాటరీ మీద ఉంటే ల్యాప్‌టాప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి ఆడకు, గాలి ఆడదు. ఇవన్నీ నీకు తెలిసినవే అంటావు, తెలుసు. అయినా పరుపు మీదే పెడతావు.

ఆట నత్తనడక నడుస్తుంటే ముందు సెట్టింగ్స్‌లో నీడలు తగ్గించు, ఆ తర్వాత చూపు ఆనే దూరం. మైన్‌క్రాఫ్ట్‌లో ఆ దూరాన్ని రెండర్ డిస్టెన్స్ అంటారు, దాన్ని 16 నుంచి 8కి దించితే పని సగమే తగ్గుతుందనుకుంటారు. అక్కడ లెక్క నేల వైశాల్యానిది. నీ చుట్టూ అటు 16, ఇటు 16 చంక్‌లు (ఆట నేలని కోసిన చదరపు ముక్కలు) అంటే మొత్తం వెయ్యికి పైనే, 8 పెడితే మూడొందల లోపు. దాదాపు నాలుగో వంతు. మేఘాలు, గడ్డి పరకలు తీసేయడం కంటే ఈ ఒక్క మార్పు వంద రెట్లు నయం.

ఇక ఆడే పద్ధతి. నా అభిప్రాయం ఒకటే: ఈ ఆటల్లో రుచి కొరతలోనే ఉంది. సముద్రంలో సాగే సబ్‌నాటికాలో మొదట నీ ఊపిరి 45 సెకన్లే. చేతిలో మ్యాప్ ఉండదు. ఇంకాస్త లోపలికి దిగితే అక్కడ ఏదో మెరుస్తోంది, వెళ్తే తిరిగి పైకి రాగలనా అన్న ఆ టెన్షనే ఆట. పక్క కిటికీలో ఎవరో గీసిన మ్యాప్ తెరిచి పెట్టుకుంటే ఇక మిగిలేది ఈత కొట్టడమే. మొదటిసారి ఆడేటప్పుడు ఆట గుట్టంతా రాసి ఉండే వికీ పేజీలు చూడకు, వీడియోలు అసలే చూడకు. నిజంగా ఇరుక్కుపోతే ఆ ఒక్క విషయం వెతుక్కో, మూసెయ్. పెట్టెలన్నీ నిండిపోయి, తిండికి లోటు లేక, రాత్రంటే భయం పోయిన రోజున ఆట అయిపోయినట్టే. కొత్త లోకం మొదలుపెట్టు.

అలాగని కష్టమైన మోడ్‌లోనే ఆడాలని ఎవరైనా అంటే పట్టించుకోకు. ప్రాజెక్ట్ జాంబాయిడ్‌లో జాంబీలు ఎంతమంది ఉండాలో, ఎంత వేగంగా నడవాలో నువ్వే పెట్టుకోవచ్చు. అది మోసం కాదు, ఆట ఇచ్చిన వీలు.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది ద లాంగ్ డార్క్. జాంబీలు లేవు, చలి, ఆకలి, తోడేళ్లు అంతే. ఇంట్లో అడుగుపెట్టినా, నిద్రపోయినా దానంతట అదే సేవ్ అయిపోతుంది, కాబట్టి చేసిన పని వెనక్కి తీసుకోలేవు. ఆన్‌లైన్‌లో అందరూ ఒకే లోకంలో ఆడే రస్ట్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. నువ్వు కంప్యూటర్ ఆపేసినా నీ బొమ్మ అక్కడే పడుకుని ఉంటుంది, ఎవడో వచ్చి ఇల్లు పగలగొట్టి దోచుకుపోతాడు. అధికారిక సర్వర్లలో నెలకోసారి ఎలాగూ లోకమంతా తుడిచేస్తారు. కాలేజీకి వెళ్లే పిల్ల ఆడే ఆట కాదది.

కొరత బాగుంటుందన్నాను కానీ బ్యాకప్ విషయంలో కాదు. జాంబాయిడ్ తయారుచేస్తున్నవాళ్ల ఫ్లాట్‌లో 2011లో దొంగలు పడి, కోడ్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఎత్తుకుపోయారు. బయట సరైన కాపీ లేక చేసిన పని కొంత పోయింది, అప్‌డేట్ ఆలస్యమైంది. ఆట తయారుచేసేవాళ్లకే అలా జరిగింది. నీ సేవ్ ఫోల్డర్ ఎక్కడుందో కనుక్కో. జాంబాయిడ్‌దైతే నీ యూజర్ ఫోల్డర్‌లోనే ఆట పేరుతో ఉంటుంది. వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. క్లౌడ్ ఉందిగా అనకు. సేవ్ పాడైతే ఆ పాడైనదే క్లౌడ్‌లోకీ ఎక్కుతుంది.

మోడ్స్, అంటే ఆటని మార్చడానికి బయటివాళ్లు తయారుచేసే ఫైళ్లు, ఎక్కడపడితే అక్కడ దించుకోకు. మైన్‌క్రాఫ్ట్ మోడ్స్ కోసం అందరూ వెళ్లే పెద్ద సైట్లలోనే 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్ బయటపడింది, బ్రౌజర్‌లో దాచుకున్న లాగిన్‌లు కాజేసేది. పేరున్న సైట్లలోనే అలా జరిగితే డబ్బు కట్టకుండా ఆడించే క్రాక్ ఫైళ్ల సంగతి నీకు వేరే చెప్పాలా?

ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. ఈ ఆటల్లో మొదటి రెండు గంటలు చెట్లు కొట్టడంతోనే సరిపోతుంది, ఆట నచ్చిందో లేదో అప్పుడే తెలియదు. ఆ సమయంలో కంప్యూటర్‌ని పరీక్షించు: రాత్రిపూట, వానలో, దట్టమైన అడవిలో పరిగెత్తి చూడు. ఎర్లీ యాక్సెస్, అంటే ఇంకా పూర్తికాకుండానే అమ్మే ఆట, అని ఉంటే ఈరోజు ఉన్నదానికే డబ్బిస్తున్నానని అనుకుని కొను. డేజెడ్ అలా 2013 చివర్లో వచ్చి, పూర్తి వెర్షన్ అనిపించుకునేసరికి 2018 చివరికొచ్చింది.

పరీక్షలయ్యాక చెప్పు, డోంట్ స్టార్వ్ టుగెదర్ ఇద్దరం కలిసి ఆడదాం, సర్వర్ నేను పెడతాను. చలికాలం ఎన్నో రోజున వస్తుందని మాత్రం అడగకు, చెప్పను.

ఇట్లు,
అత్త