పాత యాక్షన్ ఫిగర్‌కు మళ్లీ రంగు వేస్తే దాని విలువ పోతుందా?

రంగు పోయిన పాత యాక్షన్ ఫిగర్‌కు, అంటే కాళ్లూ చేతులూ కదిలే వీరుడి బొమ్మకు, మళ్లీ రంగు వేయవచ్చా, వేస్తే విలువ పోతుందా అని అడిగారు. వేయవచ్చు. విలువ సంగతికి తరువాత వస్తాను. ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది: ఆ బొమ్మలో ఏ భాగం ఏ ప్లాస్టిక్? అది తెలియక నేను చేసిన పని ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

అన్నయ్య ఇచ్చిన యోధుడి బొమ్మ అది. వీపు మీద మడమల దాకా వేలాడే నల్లటి కేప్ మెత్తటి పీవీసీ. చేతులు, కత్తి గట్టి ఏబీఎస్. కేప్ అంచుల్లో రంగు పెచ్చులుగా లేచిపోయింది. ఇనుప గేట్లకు కొట్టే ఎనామెల్ స్ప్రే ఇంట్లో ఉంటే దానితోనే రెండు పూతలు వేశాను. ఆ సాయంత్రం కొత్త బొమ్మలా నిగనిగలాడింది. మర్నాడు ముట్టుకుంటే వేలు అంటుకుంది. ఇంకా ఆరలేదేమో అని వారం ఆగాను, నెల ఆగాను. ఆరు నెలల తరువాత కూడా నా బొటనవేలి గీతలు ఆ నలుపులో అచ్చుపడే ఉన్నాయి. వాటి మధ్య దుమ్ము, ఒక దూదిపోగు. పీవీసీ మెత్తగా ఉండడానికి అందులో ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది మెల్లగా పైకి ఊరి, పైనున్న ఎనామెల్‌ను గట్టిపడనివ్వదు.

దాన్ని సరిచేయబోయి అంతకంటే పెద్ద తప్పు చేశాను. గోళ్ల రంగు తీసే అసిటోన్‌లో దూది ముంచి తుడిచాను. అది బొమ్మ చేతికి తగిలింది. అసిటోన్ ఏబీఎస్‌ను కరిగిస్తుంది. కత్తి పట్టుకున్న నాలుగు వేళ్లూ నా కళ్ల ముందే కలిసిపోయి ముద్దయ్యాయి. ఆ సంగతి అన్నయ్యకు చెప్పడానికి చాలా రోజులు నోరు రాలేదు.

బొమ్మలకు రంగు వేయడం చూపించే వీడియోలు చేసేవారి మీద నా కోపం ఇక్కడే. పాత బొమ్మ, పది నిమిషాల్లో కొత్త బొమ్మ, అంతే. ఆరు నెలల తరువాత అదే బొమ్మను మళ్లీ చూపించినవారు నాకింతవరకు కనబడలేదు. అంటుకుంటోందా, పగిలిందా అన్నది తెలిసేది అప్పుడే కదా!

ఇప్పుడు నేను నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగులు తప్ప వేరేవి ముట్టను. గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక, పాలంత పల్చగా కలిపి పూత మీద పూత వేస్తాను. కీళ్ల దగ్గర ప్లాస్టిక్‌తో ప్లాస్టిక్ రాసుకునే చోట ఏ రంగూ నిలవదు, అక్కడ వేయకపోవడమే మేలు. అన్నిటికంటే కష్టం కళ్లు. ముందు పైరెప్ప గీత గీసి, దానికి ఆనుకునేలా నల్లగుడ్డు చుక్క పెడతాను. చుక్క రెప్పకు తగలకుండా మధ్యలో నిలిచిందా, ఎంతటి వీరుడైనా బెదిరిపోయినట్టు కనిపిస్తాడు. వెంట్రుకవాసి తేడాతో ముఖమే మారిపోతుంది. చివర్లో వేసే మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని రక్షణ పూత) స్ప్రేను ముసురు పట్టిన రోజున కొట్టకండి, తెల్లగా పొగచూరినట్టు అవుతుంది.

ఇక విలువ. 1978లో అమెరికా బొమ్మల కంపెనీ కెన్నర్ తెచ్చిన తొలి స్టార్ వార్స్ సినిమా బొమ్మల్లాంటివి మీ దగ్గర ఉండి, అసలు రంగు చాలావరకు నిలిచి ఉంటే కుంచె దగ్గరకు కూడా తీసుకెళ్లకండి. సేకర్తలు డబ్బు పెట్టేది ఆ మొదటి రంగుకే. ముఖం చెరిగిపోయి, ముక్కు అరిగిపోయినదైతే నిశ్చింతగా వేయండి. అమ్మేటప్పుడు మాత్రం మళ్లీ రంగు వేశామని చెప్పి తీరాలి. చెప్పకుండా అమ్మడం మోసం, దానికి ఇంకో పేరు లేదు.

పెట్టె విప్పకుండా ఉంచితే బొమ్మ భద్రం అనేవారితోనూ నేను ఏకీభవించను. 1982లో మరో అమెరికా కంపెనీ హాస్‌బ్రో తెచ్చిన 3.75 అంగుళాల జీ.ఐ. జో సైనికుల బొమ్మల నడుములో పైభాగాన్ని, కాళ్లను కలిపి పట్టి ఉంచే రబ్బరు రింగు ఉంటుంది. పెట్టెలో ఉన్నంత మాత్రాన ఆ రబ్బరుకు వయసు మీద పడడం ఆగుతుందా? ఒకనాడు పుటుక్కున తెగుతుంది. పీవీసీ బొమ్మను గాలి ఆడకుండా మూసిపెడితే, ఊరిన ప్లాస్టిసైజర్ పోవడానికి దారిలేక ఒళ్లంతా జిగురవుతుంది. ఎండ తగలని అరలో, వేడి లేని చోట, గాలి ఆడేలా నిలబెట్టండి. తెల్ల ఏబీఎస్ ఎండకు పసుపెక్కితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెలుపు తేవచ్చు కానీ చాలాసార్లు ఆ పసుపు తిరిగి వస్తుంది.

మీ బొమ్మ పాదం అడుగున, ఎవరికీ కనబడని చోట, వాడదలచిన రంగు ఒక చుక్క పెట్టండి. నెల తరువాత గోటితో గీకి చూడండి. వేలికి అంటుకుంటే ఆ డబ్బాను గేటుకే ఉంచేయండి.