సర్వైవిన్ బ్యాండ్ రావట్లేదా? ముందు మెంబ్రేన్‌ని అనుమానించండి

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో పరిమాణాన్ని బట్టి విడదీసి, మెంబ్రేన్ అనే పలుచని పొర మీదికి ట్రాన్స్‌ఫర్ చేసి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) పోలికకు చూసే యాక్టిన్ శుభ్రంగా వస్తోంది, సర్వైవిన్ మాత్రం బొత్తిగా కనిపించట్లేదు, యాంటీబాడీ పాడైందా అని అడిగారు. 10 శాతం జెల్, 0.45 మైక్రాన్ మెంబ్రేన్, రాత్రంతా ట్రాన్స్‌ఫర్ అంటున్నారు కదా, నా అనుమానం యాంటీబాడీ మీద లేదు. సర్వైవిన్ 142 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్, సుమారు 16.5 కిలోడాల్టన్లు. ఆ జెల్‌లో డై వెంటే అడుగుకు పరిగెడుతుంది, అంత పెద్ద రంధ్రాల్లోంచి అవతలికి జారిపోతుంది. 42 కిలోడాల్టన్ల యాక్టిన్ నిలబడిపోతుంది కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది.

15 శాతం జెల్ పోయండి. డై నీలం గీత అడుగుకు సెంటీమీటరు పైన ఉండగానే ఆపేయండి. 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్ (ఒక రకం ప్లాస్టిక్) మెంబ్రేన్ వాడండి. ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో మెథనాల్ 20 శాతం, ఎస్‌డీఎస్ డిటర్జెంట్ వద్దు. చల్లగా ఉంచి 100 వోల్టుల దగ్గర గంట చాలు. ఈ ఒక్కసారికి మెంబ్రేన్ వెనక ఇంకో ముక్క పెట్టి దాన్నీ యాంటీబాడీతో ప్రోబ్ చేయండి. బ్యాండ్ అక్కడుంటే దొంగ దొరికినట్టే.

అప్పటికీ రాకపోతే కణాల సంగతి చూడాలి. కణం విభజనకు సిద్ధమై విడిపోయే జీ2-ఎం దశలో సర్వైవిన్ పెరుగుతుంది. ప్లేటు నిండిపోయి విభజన మందగించిన కణాల్లో పెద్దగా ఉండదు. పాజిటివ్ కంట్రోల్‌గా, అంటే బ్యాండ్ తప్పక రావాల్సిన నమూనాగా, హీలా కణాలకు (ల్యాబుల్లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) విభజన మధ్యలో ఆపేసే నోకోడజోల్ మందును మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల చొప్పున 16 గంటలు ఇవ్వండి. గుండ్రంగా లేచి మీడియంలో తేలే కణాల్ని మాత్రం పారబోయకండి, మీకు కావలసింది ఎక్కువగా వాటిలోనే ఉంటుంది. కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్ సర్వైవిన్‌ని త్వరగా నమిలేస్తుంది, అందుకే లైసిస్ (కణాల్ని పగలగొట్టడం) అంతా ఐస్ మీదే. జెల్‌లో ఒక్కో లేన్‌కు 30 మైక్రోగ్రాముల ప్రోటీన్ వేయండి.

అన్నట్టు, హెచ్‌ఆర్‌పీ సెకండరీ (మొదటి యాంటీబాడీకి అతుక్కుని, తనతో ఉన్న హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌తో బ్యాండ్‌ని చూపించే రెండో యాంటీబాడీ) కలిపే బఫర్‌లో, పాడవకుండా వేసే సోడియం అజైడ్ లేదు కదా? ఉంటే ఎంజైమ్ పని చేయదు.