టీచర్లకు శిక్షణ ఇవ్వబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిసిన) సమావేశంలో, భయంతో కుంగిన పిల్లలతో ఎలా మెలగాలో ప్రాథమిక టీచర్లకు శిక్షణ ఇచ్చే పని నీకు అప్పగించారని విని సంతోషించాను. నువ్వు పంపిన స్లైడ్లలో సగం మెదడు గురించే ఉన్నాయి. రెండు ఉంచి తక్కినవి తీసెయ్. భయం ముదిరితే పిల్లవాడు తిరగబడతాడు, పారిపోతాడు, లేదా బిగుసుకుపోతాడు. ఆ క్షణంలో మన ఉపదేశం వాడికి ఎక్కదు. టీచర్లకు ఇంతవరకు తెలిస్తే చాలు.

మిగతా సమయం అభ్యాసానికి పెట్టు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని పిల్లవాడిగా, ఇంకొకరిని టీచరుగా నటించమను. మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లు కడుతున్నచోట రేకుల షెడ్డులో ఉండే పిల్లవాడు అనుకో. ఒడిశా నుంచి వచ్చాడు, తెలుగు అంతంతమాత్రం. నోటుపుస్తకం చింపేసి బల్ల కింద దూరాడు. చాలామంది నోట ముందుగా వచ్చేది ‘ఎందుకు చింపావు?’ అనే. ఆ ప్రశ్నకు పెద్దవాళ్లే జవాబు చెప్పలేరు. కాస్త ఎడంగా నేల మీద కూర్చుని, గొంతు తగ్గించి, ‘నేనిక్కడే ఉన్నాను, రావాలనిపించినప్పుడు రా’ అనడం నేర్పు. వినడానికి తేలికే, తరగతంతా గోల చేస్తున్నప్పుడు అనడమే కష్టం. అందుకే మళ్లీ మళ్లీ అనిపించు.

‘ఒక్కడి కోసం అందరినీ వదిలేయాలా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కొట్టిపారేయకు. అలాంటప్పుడు మిగతావాళ్లకు ఇవ్వడానికి బొమ్మ గీసే పనో మరొకటో ముందే సిద్ధం చేసుకోమను. గుమ్మం దగ్గర పేరు పెట్టి పలకరించడం, టీచరు రేపు సెలవు పెడుతుంటే పిల్లలకు ఇవాళే చెప్పడం అందరికీ పనికొచ్చేవే.

బెత్తం లేకపోతే ఎలా అనేవాళ్లతో వాదన పెట్టుకోకు. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించిందని చెప్పి ముందుకు సాగు.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండు. పిల్లలు లైంగిక వేధింపు గురించి చెబితే టీచరు గుచ్చి గుచ్చి అడగకూడదు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు. పోక్సో చట్టం (2012) ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పిల్లల సహాయవాణి 1098 నంబరు అందరిచేతా రాయించు.

వచ్చిన టీచర్లలోనూ చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లుంటారు. అనుభవం చెప్పమని ఎవరినీ నిలబెట్టకు. నటించడం ఇష్టంలేనివాళ్లను చూస్తూ కూర్చోనివ్వు. భోజనానికి ఎన్నింటికి వదులుతావో పొద్దున్నే చెప్పి, ఆ వేళకే వదులు.

నీ పెద్దమ్మ