నర్సుగా పిలుస్తున్నారా, సహాయకురాలిగా పిలుస్తున్నారా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ఒక కన్సల్టెన్సీ వారు ఆరు నెలలు జపనీస్ భాష నేర్పించి, జపాన్‌లోని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉద్యోగం ఇప్పిస్తామని, అందుకు రెండున్నర లక్షల రూపాయలు ఈ నెలాఖరులోగా కట్టాలని అంటున్నారు. మా బంధువుల అబ్బాయి జర్మనీ మేలంటున్నాడు. రెండు దేశాల్లోనూ ముసలివాళ్లు పెరిగిపోతున్నారు కాబట్టి ఉద్యోగానికి ఢోకా ఉండదని అందరూ చెబుతున్నారు. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? మా అమ్మాయికి ఏది మంచిది?
– ఒక తండ్రి, తెనాలి

సమాధానం: వృద్ధులు పెరిగిన చోట వారిని చూసుకునే పని పెరుగుతుందన్న మాట నిజమే గాని, పని పెరగడం వేరు, ఆ పనికి నెలనెలా జీతం ఇచ్చే ఏర్పాటు ఉండడం వేరు. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో స్థిరపడగా, డెబ్బై అయిదేళ్ల తల్లిని రాత్రిపూట కనిపెట్టుకుని ఉండే మనిషి కోసం వెతుకుతున్న ఇళ్లు మీ ఊళ్లోనూ తక్కువేమీ ఉండవు. అది అవసరమైన పనే, కష్టమైన పనే. అయినా దాని ఖర్చును భరించే బీమా గాని, చేసేవారికి ఒక హోదా గాని లేనందువల్ల అది ఉద్యోగంగా మారకుండా బేరసారాల దగ్గరే ఆగిపోయింది. ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నకు జపాన్, జర్మనీలు చట్టం ద్వారా సమాధానం వెతుక్కున్నాయి. అయితే రెండు దేశాలు ఒకే దారి తొక్కలేదు. మీ అమ్మాయి అక్కడ నర్సు అవుతుందా కాదా, జీతం ఏ మేరకు పెరుగుతుంది, రేపు పెళ్లయితే భర్తను తీసుకువెళ్లగలదా అన్న విషయాలు చాలావరకు ఆ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

మొదట జపాన్ సంగతి చూద్దాం. అక్కడ జనాభాలో 65 ఏళ్లు పైబడినవారు సుమారు 29 శాతం. 1961 నుంచే ఆ దేశంలో ప్రతి పౌరుడికీ ఆరోగ్య బీమా ఉంది. 1973లో డెబ్బై ఏళ్లు దాటినవారికి వైద్యాన్ని ఉచితం చేశారు. దాని ఫలితం ఎవరూ ఊహించని విధంగా వచ్చింది: జబ్బు నయమైనా ఇంట్లో చూసుకునే దిక్కు లేని వృద్ధులు నెలల తరబడి ఆసుపత్రి మంచాల మీదే ఉండిపోయారు. వైద్యం అవసరం లేనివారిని వైద్యానికి పెట్టే ఖర్చుతో పోషించవలసిన పరిస్థితి దాపురించింది. పదేళ్లకు ఆ ఉచితాన్ని ఎత్తివేసినా సమస్య తీరలేదు. చివరికి 1997లో చట్టం చేసి, 2000 ఏప్రిల్ నుంచి వృద్ధుల సంరక్షణకు ప్రత్యేకంగా ఒక బీమాను అమలులోకి తెచ్చారు. నలభై ఏళ్లు నిండిన ప్రతివారూ దానికి చందా కడతారు. మొత్తం ఖర్చులో సగం చందాల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. సేవ పొందేవారు ఆదాయాన్ని బట్టి పదో వంతు మొదలు మూడు పదోవంతుల దాకా చెల్లిస్తారు.

మీరు గమనించవలసిన అసలు విషయం ఇక్కడే ఉంది. మందులు, సూదులు, గాయాలకు కట్లు కట్టడం వంటి నర్సింగును జపనీయులు ‘కాంగో’ అంటారు; స్నానం చేయించడం, అన్నం తినిపించడం, లేపి కూర్చోబెట్టడం వంటి సంరక్షణను ‘కైగో’ అంటారు. ఒక్క అక్షరం తేడాగా వినిపించే ఈ రెండు మాటల వెనుక రెండు వేర్వేరు వృత్తులు, రెండు వేర్వేరు పరీక్షలు ఉన్నాయి. మీకు కన్సల్టెన్సీ వారు చెబుతున్న ఉద్యోగం రెండోది. దానికి నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ అవసరమే లేదు. ఇంటర్‌తో ఆపేసిన అమ్మాయి కూడా అదే పరీక్ష రాసి, అదే వీసా మీద వెళ్లవచ్చు.

ఆ వీసా 2019 ఏప్రిల్‌లో మొదలైన ‘నిర్దిష్ట నైపుణ్య’ విభాగానికి చెందినది. దీనిపై భారత, జపాన్ ప్రభుత్వాల మధ్య 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది కాబట్టి మార్గం చట్టబద్ధమైనదే, అందులో అనుమానం లేదు. భాషలో ఎన్4 స్థాయి (అయిదు మెట్లలో కింది నుంచి రెండోది), దానితోపాటు సంరక్షణకు సంబంధించిన భాషా పరీక్ష, నైపుణ్య పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. సాధారణంగా అయిదేళ్ల వరకు పనిచేయవచ్చు. ఆ కాలంలో భర్తను లేదా భార్యను గాని పిల్లలను గాని వెంట తీసుకువెళ్లే వీలు లేదు. మూడేళ్ల అనుభవం, నిర్ణీత శిక్షణ పూర్తయ్యాక ‘కైగో ఫుకుషిషి’ (గుర్తింపు పొందిన సంరక్షకులు) హోదాకు పెట్టే జాతీయ పరీక్ష గట్టెక్కితే మాత్రం వేరే వీసా వస్తుంది; దానిని ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు, కుటుంబాన్ని తీసుకువెళ్లవచ్చు. ఇక నర్సుగా గుర్తింపు కావాలంటే జపనీస్‌లో అత్యున్నతమైన ఎన్1 స్థాయి సాధించి, అక్కడి నర్సుల జాతీయ పరీక్షను ఆ భాషలోనే రాయాలి. వృద్ధాశ్రమంలో వంతులవారీ పనిచేస్తూ ఎన్4 నుంచి ఎన్1కు ఎదగడం అసాధ్యమని నేను అనను గాని, దానిని పథకంగా భావించి ఇంటి నుంచి డబ్బు కట్టడం సరికాదని అంటాను.

జీతం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొరత ఉన్నచోట కూలి పెరుగుతుందన్నది వరికోతల కాలంలో మనందరికీ అనుభవమే. జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ అంచనా ప్రకారం 2040 నాటికి సుమారు 27 లక్షల మంది సంరక్షణ సిబ్బంది అవసరం కాగా, 2022లో ఉన్నది సుమారు 21 లక్షల 50 వేల మంది. ఇంత లోటు ఉన్నా అక్కడ ఈ పనికి జీతం అన్ని వృత్తుల సగటు కంటే తక్కువగానే ఉండిపోయింది. కారణం ఏమిటంటే, ఏ సేవకు ఎంత చెల్లించాలో మూడేళ్లకొకసారి ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. ఆశ్రమ యజమాని తనంతట తాను ధర పెంచుకుని జీతాలు పెంచలేడు. ప్రభుత్వమైనా చందాలు కట్టేవారి ముఖం చూడక తప్పదు. 65 దాటినవారు కట్టే నెలసరి చందా 2000లో సగటున 2,911 యెన్‌లు ఉండగా 2024 నుంచి 6,225 యెన్‌లకు చేరింది, అంటే రెట్టింపు దాటింది. 2024 సవరణలో మొత్తం చెల్లింపులను 1.59 శాతం పెంచుతూనే, ఇళ్లకు వెళ్లి చేసే సంరక్షణకు మూల రుసుమును తగ్గించారు. ఉద్యోగం ఉంటుందన్న హామీ నిజమైనప్పటికీ, జీతం పెరుగుతుందన్న హామీ ఇచ్చే అధికారం ఆ దేశంలో యజమానికే లేదన్నమాట. మరి విజయవాడలోని కన్సల్టెన్సీకి ఎక్కడిది?

జర్మనీలో ఈ పనికి ఉన్న మాట ఒక్కటే: ‘ప్ఫ్లేగె’. ఆసుపత్రి నర్సింగుకూ, ముసలివారి సంరక్షణకూ జర్మన్లు వాడేది దానినే. 2020 వరకు ఆసుపత్రి నర్సుకు, పిల్లల నర్సుకు, వృద్ధుల నర్సుకు శిక్షణలు వేరువేరుగా ఉండేవి. ఆ సంవత్సరం నుంచి వాటిని కలిపి మూడేళ్ల ఉమ్మడి శిక్షణగా మార్చారు. వృద్ధాశ్రమాలకు మనుషులు దొరకకపోవడమే ఆ సంస్కరణకు ఒక ముఖ్య కారణం. దీనివల్ల బయటి నుంచి వెళ్లిన నర్సుకు కలిగే ప్రయోజనం ఏమిటంటే, గుర్తింపు ఒకసారి లభిస్తే ఈరోజు వృద్ధాశ్రమంలో, రెండేళ్ల తరువాత గుండె జబ్బుల వార్డులో పనిచేయడానికి అదే అర్హత సరిపోతుంది.

సంరక్షణ బీమాను జర్మనీ జపాన్ కంటే ముందుగా, 1995లోనే ప్రారంభించింది. వేతనంలో 1 శాతంతో మొదలైన చందా 2025 నాటికి 3.6 శాతానికి పెరిగింది. పిల్లలు లేనివారు మరో 0.6 శాతం అదనంగా చెల్లించాలి. రేపటి చందాదారులను కని పెంచే బాధ్యత తీసుకోనివారు ఈరోజు కాస్త ఎక్కువ కట్టాలన్నది దాని వెనుక ఉన్న తర్కం. మన దగ్గర ఆ మాట అంటే పెద్ద రగడే జరిగేది. జపాన్ బీమా సేవలను మాత్రమే ఇస్తుంది. జర్మనీ బీమా, ఇంట్లో తామే చూసుకునే కుటుంబాలకు నగదు కూడా ఇస్తుంది. 2023 చివరకు సంరక్షణ అవసరమైన 57 లక్షల మందిలో ఎనభై అయిదు శాతానికి పైగా ఇళ్లలోనే ఉండడానికి అదొక కారణం. ఇక ఆసుపత్రుల విషయానికి వస్తే, ప్రతి రోగానికీ ఇంత అని ముందే కట్టిన ప్యాకేజీ ధరల వల్ల యాజమాన్యాలు నర్సుల పోస్టులకే కోత పెడుతున్నాయని గుర్తించి, 2020 నుంచి మంచం దగ్గర పనిచేసే నర్సుల జీతాల ఖర్చును ఆ ప్యాకేజీలోంచి బయటకు తీసి విడిగా చెల్లిస్తున్నారు. నర్సును నియమించుకోవడం ఆసుపత్రికి నష్టం కాకుండా చేసిన నిర్ణయం అది. బయటి దేశాల నర్సులకు అక్కడి ఆసుపత్రుల నుంచి పిలుపులు రావడంలో కొరతతోపాటు దీని పాత్ర కూడా ఉందని నా అభిప్రాయం.

అంతమాత్రాన జర్మనీ దారి పూలబాట కాదు. మీ అమ్మాయి జర్మన్‌లో సాధారణంగా బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) సాధించాలి. శ్రద్ధగా చదివితే ఏడాది పట్టవచ్చు. అక్కడి రాష్ట్ర అధికారులు ఆమె సర్టిఫికెట్లను తమ పాఠ్యక్రమంతో పోల్చి, ఏయే అంశాలు లోటుగా ఉన్నాయో రాసి ఇస్తారు. ఆ లోటును కొన్ని నెలల శిక్షణ ద్వారా గాని, ఒక పరీక్ష ద్వారా గాని పూరించుకోవాలి. అప్పటివరకు ఆమె సహాయకురాలి జీతానికే పనిచేయవలసి వస్తుంది. 2025 జూలైలో వృద్ధుల సంరక్షణ రంగంలో సహాయకులకు కనీస వేతనాన్ని గంటకు 16.10 యూరోలుగా, గుర్తింపు పొందిన నర్సుకు 20.50 యూరోలుగా నిర్ణయించారు. పన్నులు, చందాలు పోగా చేతికి వచ్చేది ఇంచుమించు మూడింట రెండు వంతులు. మరొక విషయం ముందే చెప్పడం నా ధర్మం: మన ఆసుపత్రుల్లో ఆయాలు, రోగి బంధువులు చేసే పని, అంటే ఒళ్లు తుడవడం, డైపర్లు మార్చడం, తినిపించడం జర్మనీలో నర్సు విధుల్లో భాగం. ఇక్కడ ఐసీయూలో వెంటిలేటర్లు చూసిన అమ్మాయిలు అక్కడికి వెళ్లాక మొదటి ఏడాది ఎక్కువగా నొచ్చుకునేది ఈ విషయంలోనే.

ఢోకా ఉండదన్న మాటను బ్రిటన్ అనుభవంతో పోల్చి చూడండి. అక్కడ కూడా వృద్ధులు పెరుగుతున్నారు, సంరక్షకుల కొరత తీవ్రంగా ఉంది. 2022 ఫిబ్రవరిలో సంరక్షణ సహాయకులకు వీసా తలుపులు తెరిచారు; 2024 మార్చిలో వారి కుటుంబాలను రానివ్వకుండా ఆంక్ష పెట్టారు; 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడాన్ని పూర్తిగా ఆపివేశారు. ఆ మూడేళ్లలో బ్రిటన్ వృద్ధులేమీ పడుచువాళ్లు కాలేదు. మారినది రాజకీయం. కానీ అదే సమయంలో నర్సులుగా నమోదైనవారికి ఆ తలుపు మూయలేదు. హోదా ఎంత తక్కువదైతే తలుపు అంత త్వరగా మూసుకుంటుందన్నది నేను దీని నుంచి గ్రహించినది.

ఇక్కడే ఉండిపోతే ఎలా ఉంటుందని మీరు అడగలేదు గాని, దానినీ లెక్కలోకి తీసుకోవాలి. దేశంలో ముందుగా వృద్ధాప్యంలోకి అడుగుపెడుతున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2024 అక్టోబరు నుంచి డెబ్బై నిండినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు వీలు కల్పించారు. మన రాష్ట్రాల్లో 2007 నుంచే ఆరోగ్యశ్రీ అనుభవం ఉంది. అయితే ఇవన్నీ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చును భరించేవి. పక్షవాతం వచ్చి ఇంటికి చేరిన మనిషిని ఆ తరువాత చూసుకునే ఖర్చు కుటుంబానిదే. కాబట్టి మన దగ్గర ఇప్పట్లో జీతమున్న ఉద్యోగాలు పెరిగేది ఆసుపత్రుల్లోనే. వృద్ధుల సంరక్షణలో కాదు. ఎయిమ్స్ నియామకాల కోసం జరిగే నార్‌సెట్ పరీక్షను మీ అమ్మాయి ఒకసారైనా రాయాలి. దానికి చదివిన చదువు ఎక్కడికి వెళ్లినా వృథా కాదు.

ఇక డబ్బు సంగతి. విదేశీ ఉద్యోగం ఇప్పించే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద నమోదై ఉండాలి; ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ వివరం సరిచూసుకోవచ్చు. అభ్యర్థి నుంచి సేవా రుసుముగా 30 వేల రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయకూడదు. భాషా శిక్షణ రుసుము వేరే లెక్క. రెండూ కలిపి రెండున్నర లక్షలని ఒక్క మాటగా చెబుతున్నవారిని, శిక్షణకు ఎంత, నియామకానికి ఎంత, వీసా రాకపోతే ఎంత తిరిగి ఇస్తారన్నది కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులను జర్మనీ, జపాన్‌లకు పంపే కార్యక్రమాలు నడుపుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థలో విచారించండి. జర్మనీలో నర్సుల నియామకానికి ప్రభుత్వ గుర్తింపు ముద్ర ఒకటి ఉంది; అది పొందిన సంస్థలు అభ్యర్థి నుంచి నియామక ఖర్చు తీసుకోరాదు.

నా సలహా ఇది. పరీక్షలు పూర్తికాగానే నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించండి. ఏడాది నుంచి రెండేళ్లు పెద్ద ఆసుపత్రిలో, వీలైతే జనరల్ మెడిసిన్ లేదా న్యూరాలజీ వార్డులో పనిచేయనివ్వండి. వృద్ధ రోగులు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆ కాలంలోనే జర్మన్ మొదటి మెట్టు అయిన ఏ1 తరగతిలో చేర్చండి. రెండు మూడు నెలల్లో ఆ భాష ఆమెకు అబ్బుతుందా లేదా తేలిపోతుంది, ఖర్చూ తక్కువే. జపాన్ మీద ఆమెకు మనసు ఉండి, నర్సు అన్న గుర్తింపును వదులుకుని కైగో వృత్తినే ఎంచుకుంటానంటే అడ్డు చెప్పకండి. వృద్ధులను చూసుకోవడంలో ఆ దేశం నుంచి నేర్చుకోవలసినది చాలా ఉంది. కానీ ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి. ఉత్తరం మీరు రాశారు గాని అందులో ఆమె అభిప్రాయం నాకు ఎక్కడా కనిపించలేదు.

నెలాఖరు గడువుకు మాత్రం కంగారుపడకండి. జపాన్ ప్రభుత్వమే 2040 దాకా కొరత ఉంటుందని లెక్కలు వేసుకుని కూర్చుంది. మీ అమ్మాయి ముందు పరీక్షలు రాసుకోవచ్చు.