పోర్టుల గీత వరకే తియ్యి, అల్లుడా

అల్లుడా,

బిట్టు పెట్టి లోహం గీకే కొత్త చేతి గ్రైండర్ కొన్నవని, పాత బుల్లెట్ 350 బండి హెడ్డు (ఇంజను మీది మూత) పోర్టులు, అంటే గాలి వచ్చే, పొగ పొయ్యే దారులు, నునుపు జేస్తనని చెప్పినవ్. మిర్యాలగూడ వచ్చి పక్కన కూసోని చూపిస్తుంటి గని మోకాలి నొప్పితోని బస్సెక్కలేను. అందుకే నల్లగొండ నుంచే రాస్తున్న.

మొదలు హెడ్డు మంచిగ కడిగి, మసి గీకి, పోర్టుల వేలు పెట్టి తిప్పు. కన్నుకు కనపడనిది వేలుకు తెలుస్తది. రెండు అచ్చులు కలిసిన కాడ సన్నటి గీత లేసి ఉంటది, అక్కడక్కడ ఇసుక రేణువంత బుడిపెలు తగుల్తయి. పోర్టును మూసే వాల్వు కూసుండే సీటు రింగు కింద చిన్న మెట్టు ఉంటది, గాలికి ఎక్కువ అడ్డం అదే. నువ్వు తియ్యాల్సింది ఈ మూడే. పోర్టును పెద్దగ చెయ్యకు. పెద్దగైతే గాలి వేగం తగ్గుతది, తక్కువ స్పీడుల బండి గుంజదు. 70 మి.మీ. బోరు (సిలిండరు వెడల్పు), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) ఇంజను అది, దాని బలమంత కింది గుంజుడులనే ఉంది.

హెడ్డు అల్యూమినియం. సన్న పండ్ల బిట్టుకు అతుక్కపోతది, వెడల్పు పండ్లది తీస్కో, మధ్యమధ్య కొవ్వొత్తి మైనం రుద్దు. సీటు దాటి లోపలికి పోయినంకనే స్విచ్ వెయ్యి. బిట్టు పూర్తిగ ఆగినంకనే బయటికి గుంజు. నేను ఒకసారి తిరుగుతున్న బిట్టునే గుంజిన. సీటు మీద గంటు పడ్డది, ఆ సీటు నా పైసలతోని మార్పిచ్చిన. ఇప్పటికీ ఆ చప్పుడు చెవులల్ల ఉంటది. చాంబరు (పెట్రోలు మండే గుంత) వైపు పనిజేసేటప్పుడు పాత వాల్వులు సీట్ల మీద పెట్టుకో. కండ్లద్దాలు, మూతికి గుడ్డ మర్వకు.

ఇన్లెట్‌కు అంటే గాలి వచ్చే పోర్టుకు, 80 నంబరు ఎమరీ కాగితంతోని ఆపు. అద్దం లెక్క మెరిపిస్తే పెట్రోలు చుక్కలు గోడకు అంటుకుంటయి. పొగ పొయ్యే ఎగ్జాస్ట్ మాత్రం ఇంక నున్నగ చెయ్యి, మసి తక్కువ పడ్తది. చాంబరుల మొనదేలిన అంచులుంటే కొంచెం గుండ్రం చెయ్యి. అవి ఎర్రగ కాలి, ప్లగ్గు కంటే ముందే మంట లేపుతయి, ఇంజను కొట్టుకుంటది. గ్యాస్కెట్ (సందు మూసే పల్చటి రేకు) కూసుండే ముఖం ముట్టుకోకు.

కడుగుడుకు ఒక పూట పెట్టు, బద్ధకం చెయ్యకు. సబ్బునీళ్ళు, బ్రష్షు, ఆయిలు దారులల్ల గాలి. మిగిలిన రజను పిస్టను రింగుల సందుకు పోతే బోరు గీరుకపోతది. అది హెడ్డు కంటే పెద్ద ఖర్చు.

అయినంక వాల్వులు గ్రైండింగు పేస్టుతోని సీట్ల మీద రుద్ది, పేస్టు మొత్తం కడిగి, స్ప్రింగులు బిగించి, ప్లగ్గు పెట్టు. హెడ్డు తిర్లేసి చాంబరుల గ్యాసునూనె పొయ్యి. పది నిమిషాలు ఆగి రెండు పోర్టులల్ల వేలు పెట్టు. తడి తగిలితే ఆ వాల్వు మళ్ళ రుద్దు. పొడిగుంటే బిగించుకోని, మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి. చప్పుడు వింట.

నీ మామ